పని ఛానల్లో సినిమా కబుర్లు

రెండేళ్ల కిందట, విశాఖ రేవులో పైలట్‌గా నా ఉద్యోగం ఇంకా ఆరు నెలలుందనగా జరిగిన సంగతి ఇది. ఆ ఉదయం ఒక బొగ్గు ఓడను లోపలి హార్బరుకు తెచ్చే డ్యూటీ నాకు పడింది. ఓడకు కెప్టెన్ ఉన్నా, రేవులోకి వచ్చాక దారి చెప్పేది పైలటే. ఓడను లాగడానికీ నెట్టడానికీ ముందొక టగ్గు పడవ, వెనకొక టగ్గు పడవ ఉంటాయి. వాటికీ, గట్టు మీద తాళ్లు పట్టేవాళ్లకీ మాటలన్నీ ఒకే వాకీటాకీ ఛానల్లో నడుస్తాయి. ఒకరు మీట నొక్కి మాట్లాడుతుంటే ఇంకొకరి మాట వినపడదు. అందుకే ఆర్డరు చెప్పడం, విన్నవాడు దాన్ని తిరిగి చెప్పడం తప్ప అందులో మరో మాట ఉండకూడదని రూలు.

ఆ రూలు తప్పింది నేనే. కాలువలో ఓడ నెమ్మదిగా, తిన్నగా వస్తోంది. వెనక టగ్గు మాస్టర్ అప్పలనాయుడు ముందురోజు కొత్త సినిమాకి వెళ్లాడని తెలుసు. నోరూరుకోక, “ఎలా ఉందోయ్ సినిమా?” అన్నాను. “బాగుంది సార్” అంటే అయిపోను. మన ఊళ్లో సినిమా చూసినవాడు ఒక్క మాటతో వదులుతాడా!

“ఫస్టాఫ్ బానే ఉంది సార్. సెకండాఫే సాగదీసేసినాడు” అన్నాడు. ముందు టగ్గు మాస్టర్ డేవిడ్ వెంటనే అందుకున్నాడు. “ఏటి బావా, సెకండాఫే కదా సినిమా! నువ్వు నిద్దరోయుంటావ్.” ఇక చూడండి నా తిప్పలు. చాలు, ఆపండని రెండుసార్లు చెబితే ఆపారు. తీరా ఓడను కట్టే బెర్తు దగ్గర టగ్గులు రెండూ ఓడను గట్టువైపు నెడుతుండగా నాయుడికి క్లైమాక్సు గుర్తొచ్చింది.

ఓడ వెనక భాగం వేగంగా గట్టు మీదికి పోతోంది. నెట్టడం ఆపమని మీట నొక్కి అరిచాను. నా మాట పోలేదు. “ఈరోయిన్ని అలాగొగ్గేసి ఎలిపోతాడేటి బావా…” అంటూ మీట మీద వేలు తియ్యడే మహానుభావుడు! ఒళ్లు మండిపోయింది. ఓడ హారన్ వదలకుండా మోగించాను. టగ్గు ఆగింది గానీ అంత బరువు ఆగుతుందా? దెబ్బ తగలకుండా గట్టుకు బిగించిన రబ్బరు ఫెండర్లను నలిపేసి ఓడ గట్టును గుద్దింది. తాళ్లవాళ్లు వెనక్కి పరుగెత్తారు. వాళ్లలో ఒకాయన పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

విచారణలో నాయుడి లైసెన్సు రద్దు చేస్తామన్నారు. “సారే అడిగినారు కదండీ” అన్నాడతను, తల వంచుకుని. నిజమే కదా. సినిమా ఎలా ఉందని పైలట్ అడిగాడు అని నా రిపోర్టులో మొదటి వాక్యంగా రాశాను. అది తీసేయమని, పైలట్ల పరువు పోతుందని, మా పై అధికారి రెండు రోజులు నా ప్రాణం తీశాడు. విసుగొచ్చి, ఉంటే కదండీ పోవడానికి అన్నాను. వాక్యం అలాగే ఉంచాను. నాయుడికి నెల రోజుల సస్పెన్షన్ పడింది, లైసెన్సు మిగిలింది. నాకు సర్వీసులో మొదటి హెచ్చరిక లేఖ వచ్చింది.

నేను నేర్చుకున్నది ఇంతే. పనిలో ఒక రూలును పైవాడు తప్పితే, కిందివాడి లెక్కలో ఆ రూలు అక్కడితో సరి. ఆ తర్వాత ఆపమని ఎన్నిసార్లు చెప్పినా, వాళ్లకది పెద్దాయన చిరాకులాగే వినపడుతుంది.