గోడకి అవతల కీబోర్డు

మా మామగారిని ప్రెస్సులో అందరూ ఒత్తుల మేస్త్రి అనేవాళ్ళు. నలభై రెండేళ్ళు సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, వరసలో పేర్చి, పేజీలు కట్టిన మనిషి. ఏ ఒత్తు ఎక్కడుండాలో ఎక్కడుండకూడదో ఆయన్ని అడిగి తీరాల్సిందే. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో నా చేతికి ఓ కాగితం ఇచ్చి, "విద్యార్థి అని రాయమ్మా, చూస్తాను" అన్నారు. రాశాను. రెండు చోట్లా తప్పే. "ఫర్వాలేదులే, స్కూళ్ళ బోర్డులు కూడా ఇలాగే ఉన్నాయి" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే టైపు నేర్చుకున్నాను.

తర్వాత ప్రెస్సు మూతపడింది. సీసమంతా తూకానికి అమ్మేశారు. "నన్ను మాత్రం ఎవరూ తూకానికి తీసుకోలేదు" అనేవారు మామయ్య. అప్పటికి నేను ఇంట్లోనే ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని పుస్తకాలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల థీసిస్‌లు టైపు చేస్తున్నాను. ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని ప్రూఫులు చూడడం మొదలుపెట్టారు. నేను కొడుతుండగానే వెనకనుంచి, "ఆ దీర్ఘం ఎవరికి దానం చేశావు?" అనేవారు. దెప్పినా పని మాత్రం నికార్సు. ఆయన చూసిన పేజీని ఇంకొకరు చూడాల్సిన అవసరం ఉండేది కాదు.

రెండేళ్ళ కిందట బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. మంచం నుంచి కిటికీ పక్క కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి, అంతే నడక. ముందు గదికి రాలేరు. ప్రింటు తీసి ఇస్తే ఎర్ర పెన్నుతో దిద్దేవారు గానీ అవన్నీ మళ్ళీ నేను ఎక్కించాలి. ఇంకో కంప్యూటరు కొనే స్తోమత లేదు. మా ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఒక ఆదివారం గోడకి బెజ్జం కొట్టి, పొడుగాటి వైర్లు దూర్చి, ఎవరో వదిలించుకున్న పాత తెర ఒకటి, కీబోర్డు, మౌసు లోపలి గదిలో బిగించాడు. ముందు గదిలో ఏది కనిపిస్తే లోపల అదే కనిపిస్తుంది. తెరలు రెండు, కీబోర్డులు రెండు, కంప్యూటరు ఒకటే. దాని మీద తిరిగే బాణమూ ఒకటే.

ఇంక చూడండి మా తమాషా. నేను బాణాన్ని ఇటు లాగితే ఆయన అటు లాగేవారు. "అమ్మాయ్, బాణం వదులు" అని గోడ అవతలనుంచి కేక. "మీరే వదలండి మామయ్యా, సేవ్ చేస్తున్నాను" అని ఇటునుంచి నేను. ఒకసారి నేను పేజీ అంచులు సర్దుతుంటే అదే క్షణంలో ఆయన కామా పెట్టబోయారు, పేజీకి పేజీ మాయమైంది. "నేను కామాయేగా పెట్టింది" అని ఆయన, "ఆ కామాయే కొంప ముంచింది" అని నేను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అన్నారా. చివరికి మా ఆయనే తగువు తీర్చాడు. పొద్దున్నంతా నాది, మధ్యాహ్నం రెండు దాటితే మామయ్యది. నా టైములో ఆయన తెర స్విచ్చి వెయ్యకూడదు, ఆయన టైములో నేను మౌసు ముట్టకూడదు.

ఇలా బాగానే సాగిపోతుండగా నర్సమ్మ పుస్తకం వచ్చింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినావిడ తన జ్ఞాపకాలు రాసుకుంది. అచ్చు వేయించేది మేము పుస్తకాల మేడం అని పిలిచే ఆవిడ. నేను టైపు చేశాను, మామయ్య పదహారు మధ్యాహ్నాలు కూర్చుని మొత్తం దిద్దారు. దిద్దిన ఫైలు వేరుగా దాచి, దాని పేరు చివర 'మామయ్య చూసినది' అని తనే కొట్టారు. ఆ మర్నాడు పొద్దున ప్రెస్సువాడు తొందరపెడుతుంటే నేను పక్కనే ఉన్న పాత ఫైలు తెరిచాను. పేజీ నంబర్లు సరిచేసి దాన్నే పంపించేశాను. ఒక్కసారి పేరు చదువుకుని ఉంటే సరిపోయేది. చదవలేదు.

పుస్తకాలు అచ్చయి వచ్చాక మేడం ఫోన్ చేసింది. "ఏంటమ్మా ఇది? ప్రసవం గది అని ఉండాల్సిన చోట ప్రశవం గది అని పడింది. డాక్టరు గారు చేతులు కడుక్కుని వచ్చారని ఆవిడ రాస్తే, కొరుక్కుని వచ్చారని వేశారు. మనిషిని పెట్టి లెక్కపెట్టించాను, రెండు వందల పన్నెండు తప్పులు. ఆ నర్సమ్మ నా ముందు కూర్చుని ఏడుస్తోంది. ప్రూఫు ఎవరు చూశారు?"

"మా మామగారండీ" అన్నాను. అది నిజమే కదా.

"ఆయనకి కళ్ళు కనిపిస్తున్నాయా అసలు?"

"పెద్దవారైపోయారండీ" అన్నాను.

ఒట్టేసి చెబుతున్నాను, అప్పటికి నాకు నిజం తెలీదు. ఫోన్ పెట్టేసి ఫైళ్ళు తెరిచి చూశాక తెలిసింది. 'మామయ్య చూసినది' అక్కడే ఉంది, ప్రసవం ప్రసవంగానే ఉంది. వెంటనే ఫోన్ తీసి చెప్పాల్సింది. తీశాను కూడా. కానీ మేడం దగ్గర ఇంకో ఆరు పుస్తకాలున్నాయి. తప్పు టైపు చేసేదానిదంటే పని మొత్తం పోతుంది, ప్రూఫు చూసేవాళ్ళదంటే ప్రూఫు ఒక్కటే పోతుంది. ఈ లెక్క నాకు ఒక్క నిమిషంలో తట్టింది. అలాంటి తెలివికి నాకేం తక్కువ లేదు. ఆ ఫైలు తీసుకెళ్ళి పాత కరపత్రాల ఫోల్డరులో దాచేశాను.

మామయ్య ఫోన్ మాటలు విన్నారు. పుస్తకం అడిగి తీసుకుని ఒక్కో పేజీ తిప్పారు. "ఇవన్నీ నేను వదిలేశానా?" అని అడిగారు. "దిద్దినట్టే గుర్తుంది నాకు."

"పోనీండి మామయ్యా, వయసు" అన్నాను. ఆ మాట అన్నది ఈ నోరే.

ఆ రోజు నుంచి ఆయన మనిషి మారిపోయారు. స్టీలు స్కేలు ఒకటి తెర మీద ఆనించి లైను లైనుగా చదవడం మొదలుపెట్టారు. ఒక్కో పేజీ మూడేసి సార్లు. మధ్యలో చన్నీళ్ళతో కళ్ళు కడుక్కునేవారు. మా ఆయన్ని సతాయించి ఆటోలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. ఈ వయసుకి చూపు శుభ్రంగా ఉందని డాక్టరు చెప్పాడు. "నాకు ధైర్యం చెప్పడానికి అన్నాడులే" అన్నారు ఇంటికొచ్చి. డాక్టరు మాట నమ్మలేదు, నా మాట నమ్మారు. నేను పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగి తప్పుకున్నాను.

నలభై రోజులు ఇలా గడిచాయి. అప్పుడు మేడం మెసేజి పెట్టింది. ఆరు పుస్తకాలు నాకే ఇస్తుందట, కాకపోతే అప్పుడేం జరిగిందో, ఇకమీదట అలా జరక్కుండా ఏం చేస్తానో ఉత్తరం రాసి మెయిల్ చెయ్యాలట. ఆవిడ భాగస్వామికి చూపించుకోవాలట. పొద్దున పదకొండు గంటలప్పుడు, అంటే నా టైములోనే, కూర్చుని కొట్టాను. మా మామగారికి చూపు తగ్గిందని, ఆయన కాలక్షేపం కోసం ప్రూఫులు ఇస్తూ వచ్చానని, ఇకమీదట బయట మనిషి చేత చూపిస్తానని. రాస్తుంటే ఒక్కో వాక్యం దానంతటదే వచ్చింది. చివర్లో కాస్త జాలి ఉంటే బాగుంటుందని, 'ఆయన భాదపడతారని ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను' అని చేర్చాను.

నా చెయ్యి మౌసు మీద లేదు. నీళ్ళ గ్లాసు అందుకుంటున్నాను. తెర మీద బాణం కదిలింది. మెల్లిగా పైకి వెళ్ళి, 'భాద' దగ్గర ఆగింది. ఆ రెండక్షరాలూ చెరిగిపోయాయి. ఒత్తు ముందక్షరానికి పెట్టాను, అది ఉండాల్సింది రెండోదానికి. ఒక్కో అక్షరం నిదానంగా పడింది. 'బాధ'. తర్వాత బాణం తెర మూలకి వెళ్ళి నిలబడిపోయింది.

గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇంకేమైనా దిద్దుతారేమో, 'అబద్ధం' అని ఒక్క మాట కొడతారేమో అని చూశాను. ఏమీ లేదు. నా పరువు కాపాడ్డానికి అక్షరం తప్పు మాత్రం దిద్ది ఊరుకున్నారు అనుకున్నాను. భూమి చీలితే బాగుండు అంటారే, అది నిజంగా అనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. లేచి లోపలి గదికి వెళ్ళడానికి పది అడుగులు. ఆ పది అడుగులకీ ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు.

మామయ్య తెర ఆర్పేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"నీ టైములో తెర వెయ్యకూడదు, తెలుసమ్మా" అన్నారు నన్ను చూసి. "రోజూ పొద్దున వేస్తున్నాను. నువ్వు కొడుతుంటే తప్పు పట్టుకోగలనో లేదో అని నాకు నేనే పరీక్ష పెట్టుకుంటున్నా. ఇవాళ ఒకటి దొరికింది, చెయ్యి ఆగలేదు." కిటికీ వైపు తిరిగారు. "ఉత్తరం బాగానే రాశావు. పంపించెయ్. నేనే మానేస్తానని చెబుదామని నాలుగు రోజులుగా అనుకుంటున్నా, నోరు రాలేదు. నీకు ఆ ఇబ్బంది కూడా మిగిలింది, పాపం."

నన్ను కాపాడలేదాయన. నేను అన్నదీ రాసిందీ అంతా నిజమేననుకున్నారు. నలభై రోజులుగా, అక్షరం పొల్లుపోకుండా.

"మామయ్యా, తప్పు మీది కాదు" అన్నాను. "మీరు దిద్దిన ఫైలు నా దగ్గరే ఉంది. నేను చూసుకోకుండా పాతది పంపించాను. ఫోన్ వచ్చిన రోజే నాకు తెలిసింది. పని పోతుందని మీ మీదకి నెట్టేశాను."

ఆయన నా వైపు తిరిగారు. తిడతారని నిలబడ్డాను. తిట్టించుకుని పోవాలనే ఉంది నాకు.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా?" అన్నారు.

తల ఊపాను. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను, అక్కడ ఉన్నది సంతోషం. చూడలేక తల దించుకున్నాను.

"చూపించు" అన్నారు.

ముందు గదికి వచ్చి పాత కరపత్రాల్లోంచి ఆ ఫైలు తీసి తెరిచాను. లోపల ఆయన తెర వేసుకున్న చప్పుడైంది. నేను మౌసు మీదనుంచి చెయ్యి తీసేశాను. పేజీలు వాటంతటవి కదలడం మొదలైంది. అచ్చయిన పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నట్టున్నారు, ఒక్కోటీ పోల్చుకుంటూ గోడ అవతల పైకే చదువుతున్నారు. "ప్రసవం. దిద్దాను. కడుక్కుని. ఇదీ దిద్దాను." ముందు గొణుక్కున్నట్టుంది, రానురాను గొంతు పెరిగింది. "ఇదిగో ఇది కూడా." కరపత్రం కోసం ఎవరో వచ్చారు, రేపు రమ్మన్నాను. అన్నం వేళ దాటింది. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. ప్రతి 'దిద్దాను'కీ నేను ఇవతల కూర్చుని ఉన్నాను.

చివరి పేజీలకి వచ్చాక హఠాత్తుగా ఆగిపోయారు. చాలాసేపు బాణం ఒక్కచోటే ఉంది.

"అమ్మాయ్" అని పిలిచారు. "నూట నలభై ఆరో పేజీ చూడు. ఉచ్ఛ్వాసంలో ఒక ఒత్తు పోయింది. రెండు ఫైళ్ళలోనూ అలాగే ఉంది. ఇది నేను వదిలేసిందే."

"పోనీండి మామయ్యా, ఒక్కటేగా."

"పోనీండి ఏంటి? ఉత్తరం మళ్ళీ రాస్తావుగా. ఈ ఒక్కటీ మా మామగారిది అని అందులో రాయి. ఆ నర్సమ్మకి తెలియాలి."

పాత ఉత్తరం మొత్తం చెరిపేసి కొత్తది మొదలుపెట్టాను. నూట నలభై ఆరో పేజీలో ఒత్తు ఒకటి మా మామగారు చూసుకోలేదు, మిగతా రెండు వందల పదకొండు తప్పులూ నావి, ఆయన దిద్దినా నేను పంపలేదు, తెలిసీ దాచాను అని రాశాను. గోడ అవతల చప్పుడు లేదు. చదువుతున్నారని తెలుసు. ఆయన చదువుతుండగా ఆ చివరి మాట మూడుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాను.

"అయిందా?" అన్నారు కాసేపటికి.

"అయింది మామయ్యా."

"నా పేరు ముందు పెట్టావు, బాగుంది. ఇంక పంపించెయ్యమ్మా."