మగ్గం గుంతలో చేపపిల్లలు

మా వదిన పోయిందని రెండు వారాల కింద మా అన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆయన గొంతు వినగానే దుఃఖం కంటే ముందు, ఎప్పుడో ఆయన ఆమెకు ఇచ్చి తప్పిన మాట గుర్తొచ్చింది. చావు కబురు దగ్గర ఇలాంటివి తవ్వుకోకూడదంటారు పెద్దలు. నేనూ పెద్దవాణ్నే. తవ్వుకుంటాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో చౌటుప్పల్‌లోని వాళ్ల ఇంట్లో మగ్గం తీసేశారు. వదిన మోకాళ్లు ఇక సహకరించలేదు. అది గుంట మగ్గం. నేసే మనిషి కాళ్లు దించి కూర్చోవడానికి నేలలోనే లోతుగా గుంత ఉండేది. దాన్ని పూడ్చడానికి అన్న మట్టి తట్ట తెస్తే వదిన అడ్డంగా కూర్చుంది.

"పెండ్లయి వచ్చినకాడికెళ్లి గీ గుంతలనే కాళ్లు పెట్టిన. గిది నాకు ఇడిసిపెట్టు."

"గుంతతోని ఏం జేస్కుంటవే?"

"చేపల్ని సాదుకుంట."

అన్న పడీపడీ నవ్వాడు. నవ్వి, నా ఎదుటే మాట ఇచ్చాడు. "సరే తియ్యి. నువ్వు బతికున్నన్ని దినాలు దాని జోలికి రాను. తమ్ముడే సాక్షి."

అలా నేను సాక్షినయ్యాను. ఇప్పుడు సాక్ష్యం చెబుతున్నాను.

వదిన గుంతకు లోపల సిమెంటు పూయించి, ఘాటు పోయేదాకా నీళ్లు నింపి తోడించి, హైదరాబాద్ నుంచి ఒక జత ఫైటర్ చేపలు తెప్పించుకుంది. మా ఎండలకు అద్దాల తొట్టిలో నీళ్లు కాగిపోతాయి. నేలలోని గుంతలో మాత్రం చల్లగా ఉండేవి. మగచేప నీటి మీద బుడగలు ఊది గూడు కట్టేది. ఆడచేప గుడ్లు పెట్టగానే దాన్ని తీసేయాలి, లేకపోతే గుడ్లు తినేస్తుంది. కిందికి జారిన ప్రతి గుడ్డునూ మగచేప నోటితో పట్టి మళ్లీ గూట్లో పెట్టేది. వదిన నన్ను పిలిచి చూపించేది.

"సూడు మరిదీ, సాదుడంత మొగోనిదే. మీ అన్నను జర పిలువు, సూసి నేర్చుకుంటడు."

పక్క గదిలోంచి అన్న అరిచేవాడు, "గా చేపకు నీ అసొంటి పెండ్లాం లేదు గనుక సాదుతాంది!"

గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు కనురెప్ప వెంట్రుకలో సగం ఉండేవి. వాటి నోటికి పట్టే తిండి కంటికి కనిపించదు. క్యాబేజీ ఆకులు నీళ్లలో నానబెట్టి ఎండలో ఉంచితే నీళ్లు మొదట పాలవిరుగుడులా తెల్లబడి, తర్వాత తేటబడేవి. ఆ తేటనీటిలోని సూక్ష్మజీవులే వాటికి మొదటి ముద్ద. కొత్త నీళ్లు ఒక్కసారిగా పోస్తే పిల్లలు చస్తాయి. అందుకని కొత్త నీళ్ల కుండ ఒడ్డున పెట్టి, దాని అంచు మీదుగా తడిపిన నూలు పోగుల చిలుప ఒకటి గుంతలోకి వేలాడదీసేది. నీళ్లు ఆ నూలు వెంట బొట్టు బొట్టుగా దిగేవి.

"నీళ్లు మారినట్టు పిల్లలకు తెల్వద్దు," అనేది.

గుంత ఒడ్డున కాళ్లు ముడుచుకొని కూర్చునేది. కానీ మాటల్లో పడితే ఆమె పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలను నొక్కేవి, తీసేసిన మగ్గాన్ని ఇంకా తొక్కుతున్నట్టు. నల్లగొండలో నా ఇంటినిండా పుస్తకాలున్నాయి. అయినా వారంవారం బస్సెక్కి ఆ ఒడ్డుకే వెళ్లేవాణ్ని. ఆ మధ్యాహ్నాల కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

ఆమెకు ఒక కోరిక పట్టుకుంది. తెల్లటి ఒళ్లు, రెక్కలకు తోకకు మాత్రం ఎర్రటి అంచు ఉన్న చేప కావాలి. ఎక్కడా దొరకలేదు. ఎరుపు కాస్త అంచు వైపు జరిగిన పిల్లల్ని ప్రతి ఈతలో ఏరుకొని, పెంచి, జత కలిపింది. ఏళ్లు పట్టింది. ఈలోగా కళ్లకు శుక్లాలొచ్చాయి. చివరి ఈత పిల్లలకు రంగు తేలే వేళకు ఆమెకు అన్నీ మసకే.

"సరిగ జూసి చెప్పు మరిదీ. ఎరుపు ఒంటి మీదికి పాకిందా, అంచుకే ఉన్నదా?"

"అంచుకే ఉంది వదినా."

"నన్ను ఖుషీ జేయనీకి చెప్తలేవు గద?"

అంతవరకు ఆపరేషన్ అంటే ససేమిరా అన్న మనిషి, ఆ పిల్లల్ని తన కళ్లతో చూసుకోవాలని ఒప్పుకుంది. నల్లగొండ దవాఖానలో చేయించాం. వారం రోజులు మా ఇంట్లోనే ఉంది. చేపలకు మేత అన్న వేస్తానన్నాడు.

నల్ల కళ్లద్దాలతో ఆమెను చౌటుప్పల్‌కు నేనే తీసుకెళ్లాను. తిన్నగా ఆ గదిలోకి నడిచింది. అలవాటు కొద్దీ పాదం చాచి గుంత ఒడ్డు కోసం వెతికింది. పాదానికి చదునైన నేల తగిలింది. ఇంకొంచెం ముందుకు జరిపింది. అక్కడా నేలే. అద్దాలు తీసింది. గదిలో రెండు మంచాలు వేసి ఉన్నాయి.

"మందుల కంపెనీ పోరగాండ్లు కిరాయికి అడిగిండ్రు," అన్నాడు అన్న. "చేపపిల్లలను బకెట్ల ఏసిన. ఫికర్ జెయ్యకు."

బకెట్‌లో బోరు నీళ్లు నేరుగా పట్టి పోశాడు. పిల్లలన్నీ పొట్టలు పైకి తేలి ఉన్నాయి. వదిన కింద కూర్చొని, ఒక్కొక్కదాన్ని అరచేతిలోకి తీసుకొని కొత్త చూపుకు దగ్గరగా పెట్టుకుంది.

"రంగు ఎల్లిపోయింది మరిదీ," అంది.

"కండ్లొచ్చినయి గద, ఇగ టీవీ సూడు," అన్నాడు అన్న. ఓదార్పు అనుకున్నాడేమో.

తర్వాత ఎప్పుడు అడిగినా ఆమె మళ్లీ చేపల్ని జత కలపలేదు. "పిల్లలైతే యాడ పెట్టాలె?" అనేది. దుకాణంలో దొరికే మగచేపను ఒక్కదాన్ని గాజు సీసాలో పెట్టుకునేది. అది పోతే ఇంకొకటి.

దినాల నాడు వచ్చినవాళ్లందరికీ అన్న చెప్పాడు, "చేపలంటే పానం దానికి. నేను ఏనాడు అడ్డం చెప్పలే." అందరూ తలలూపారు. నేను లేచి, కిటికీలో ఉన్న సీసా తీసుకొని వచ్చేశాను.

అందులో నీలం చేప ఒకటి ఉంది. నిన్న పొద్దున చూస్తే నీటి మీద గోరంత బుడగల గూడు కట్టి ఉంది. జత లేదు, గుడ్లు లేవు. అయినా ఆ గూటి కిందే కాపలా తిరుగుతోంది, జారిపడేదేదో ఉన్నట్టు మాటిమాటికీ అడుగుకు దిగి చూస్తోంది. అన్న మీద మనసు మెత్తబరచుకోమని నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఎర్రటి అంచు చూడాలని కళ్లు తెప్పించుకున్న మనిషిని దాన్ని చూడనివ్వనివాడు మా అన్న.