మగ్గం కింద ఎవరిదో కాలు

మొన్న మా ఇంట్ల పట్టపగలే దయ్యం దొరికింది. నా చేతుల్తోనే పట్టుకున్న. నవ్వకుండ్రి, జర వినుండ్రి.

నేను ఇంట్ల పెండ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేస్త కదా. మందమర్రిల ఒక పెండ్లిపిల్ల జాకెట్ తెల్లారే ఇయ్యాలె, ఒక చెయ్యి మీద పువ్వులు కుట్టుడు ఇంక మిగిలే ఉన్నది. మా ఆయన డ్యూటీకి పోతు, బొగ్గుబాయిల పనిచేసే తామే నడుమ ఆగి జర ఊపిరి తీసుకుంటమని, గంటకోసారన్న లేసి నడువుమని చెప్పిండు. సరే అన్న గని లేవలే. ఈ పువ్వు అయినంక లేద్దామనుకునుడు, ఇంకో పువ్వు మొదలువెట్టుడు. పగటి అన్నం గుడ తినలే.

ఇంతల మొగులు కమ్మింది. కరెంటు పోయి ఇంట్ల చీకటైంది. ఇంట్ల నేనొక్కదాన్నే. దారం రీలు జారి మగ్గం కిందికి దొర్లింది. చెయ్యి పెట్టి తడిమిన.

కాలు తగిలింది.

నా కాళ్లు రెండు పక్కకు మడిచి కూసున్ననని నా లెక్క. మరి గిది ఎవరిది? సల్లగున్నది. వేళ్లు తడిమితే మెట్టె ఉన్నది. గిచ్చిన. కదల్లే. ఎవరో పెండ్లయినామె మగ్గం కింద పండుకొని, సప్పుడు చెయ్యకుంట నా పనే చూస్తున్నట్టనిపించింది. మాకంటె ముందు ఈ క్వార్టర్ల ఉన్నోళ్లు ఎందుకు ఖాళీ చేసిండ్రో మేమెన్నడు అడగలే. లేసి ఉరుకుదామంటే లేవొస్తలేదు. అదే నన్ను పట్టుకున్నదనుకున్న.

మగ్గం కింద ఎవరిదో కాలున్నదని పక్కింటి రాజవ్వను పిలిచిన. గొంతు నాదే గని నాకే కొత్తగ వినవడ్డది. ఆమె బట్టలుతికే కట్టె పట్టుకొని వచ్చింది. చీకట్లనే మగ్గం కింద తడిమి, చెయ్యి ఎనుకకు గుంజుకున్నది.

"నిజమేనే బిడ్డా, సల్లగున్నది."

గా మాటకు నా సగం పాణం పోయింది. దాన్ని పోనియ్యకు, గట్టిగ పట్టుకో అన్నది రాజవ్వ. రెండు చేతుల్తోటి పట్టుకున్న. ఆమె ఒక్కటేసింది. ఏం కాలే. ఇంకోటేసింది. ఏం కాలే. దీనికి దెబ్బ గుడ తెలుస్తలేదు, మామూలుది కాదని ఇంకింత బలంగ ఎత్తింది. గది తగిలేసరికి నా నడుముదాక జుమ్మని తిమ్మిరి లేసింది. దాని ఎనకనే నొప్పి.

"ఆగు రాజవ్వా," అన్న మెల్లగ. "ఇది నాదే."

కాలు చాపుకొనే మిగిలిన పువ్వులు కుట్టిన. జాకెట్ టైంకు ముట్టింది. నా కాలే వాచి చెప్పుల పడుతలేదు. గంటకోసారి లేవనిదాన్ని, ఇప్పుడు మంచమే దిగొద్దన్నడు డాక్టర్. దెబ్బెట్ల తాకిందని అడిగితే జారి పడ్డనని చెప్పిన. కాలు నేనే గట్టిగ పట్టుకొని మరీ కొట్టిచ్చుకున్ననని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?