మాపుకర్ర తుపాకి

బాలసుబ్బయ్యకు అరవై దాటినా, తుపాకి ఆనించుకున్నట్టు కుడి భుజం ఇంకా కాస్త ముందుకే వంగి ఉంటుంది. ఫింటాస్ పేటలో ఓ కువైటీ ఇంట్లో వంటవాడు. ఎసరు మరిగే చప్పుడు వింటూ కూడా కడప కొండల్లోని అడవిపందుల కథే చెబుతాడు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన వారానికే యజమానులు సౌదీకి పారిపోయారు. ఆయన పాస్‌పోర్టు ఉన్న బీరువా తాళంచెవి వాళ్ళతోనే పోయింది. ఊళ్ళో ఆయన దగ్గర గురి నేర్చుకున్న ఆంజి, షుఐబా రేవు నుంచి ప్రతి శుక్రవారం వేట కబుర్ల కోసం వచ్చేవాడు. సైనికుల కాపలాలు దాటుకుని ఈ శుక్రవారమూ వచ్చాడు.

మాట పందుల మీదికి మళ్ళగానే ముసలాయన నేల తుడిచే మాపుకర్ర భుజానికెత్తి ఎడమకన్ను మూశాడు. "ఊపిరి బిగబట్టాల్రా, అప్పుడే గురి నిలబడ్తాది," అంటూ కిటికీలోంచి వీధివైపు గురిపెట్టాడు. వీధిలోని సైనికులు అది చూశారు. వాళ్ళు తలుపు బాదుతుంటే, ఆయన మాపు బకెట్లో ముంచి హాలంతా తుడుస్తూ వెళ్ళి గడియ తీశాడు. ఇద్దరినీ గోడకేసి తిప్పి నిలబెట్టి ఇల్లంతా వెతికారు. తుపాకి దొరకలేదు. తిట్లు, బూట్ల చప్పుడు, చివరికి వీధితలుపు మూసుకున్న మోత వినిపించాయి.

"పోయినార్లే పెద్దనాయనా," అని ఆంజి ఊపిరి వదిలాడు.

బాలసుబ్బయ్య ఇంకా ఆరని నేల మీదికి వంగి, కొండదారిలో జాడ వెతికినట్టు బూటు గుర్తులు చూశాడు. తర్వాత మాపుకర్రను మెల్లగా చేతిలోకి తీసుకుని, ఆంజి చెవి దగ్గరికి జరిగాడు.

"ముగ్గురొచ్చినార్రా. ఇద్దరే పోయినారు."