ఆ వేళకు ఎవరు రాలేరు?

ఆదివారం పొద్దున్నే ఢిల్లీ పక్కన వైశాలిలో మా బ్లాకు కింద ఇస్త్రీ భయ్యా గంజి పెట్టిన చీరల మీద నీళ్లు చల్లి పెట్టె ఆనిస్తాడు. ఆ ఆవిరి వాసన బాల్కనీకి చేరగానే నాకు రూతమ్మ ఆంటీ గుర్తొస్తుంది. గుంటూరు వైపు నుంచి నర్సుగా ఢిల్లీ వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. సివిల్స్ చదువుతానని వచ్చిన నాకు తన ఫ్లాటులో ఓ గది అద్దెకిచ్చింది. ఆదివారం గంజి పెట్టిన తెల్లచీర కట్టిందంటే చర్చికి బయల్దేరినట్టే. తుఫానొచ్చినా ఆగేది కాదు.

మా సొసైటీ మీటింగూ ఆదివారం పదింటికే. మొదట్నుంచీ అంతే. ఓ ఏడు ఆవిడ క్రిస్మస్ ప్రార్థనకు కింది హాలు అడిగితే, మతపరమైన కార్యక్రమాలకు ఇవ్వకూడదని మీటింగులో తీర్మానం అయిపోయిందన్నారు. అదే హాల్లో రాత్రంతా భజనలు సాగుతుంటే నేను చెవుల్లో దూది పెట్టుకుని చదివేదాన్ని. అది సంస్కృతి అట. ఆ తీర్మానం జరిగిన వేళ ఆంటీ చర్చిలో ఉంది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం నన్ను వెంటబెట్టుకుని నింపాదిగా ప్రెసిడెంటు గారింటికి వెళ్లింది. ఆయన చెడ్డవారేం కాదు. టీ ఇప్పించి, "దీదీ, మీవాళ్ల తరఫున మిమ్మల్ని కమిటీలో వేసుకుంటాం. రాకపోయినా ఫర్వాలేదు, పేరుంటే చాలు" అన్నారు హిందీలో.

"నా పేరు నా తలుపు మీద ఉంది, భాయీసాబ్. మీటింగు సాయంత్రానికి మార్చండి. నేనే వచ్చి మాట్లాడతాను" అంది ఆంటీ.

మెట్లు దిగుతూ నేను ఉండబట్టలేక, "ఇస్తానన్న కుర్చీ తీసుకోవాల్సింది కదా ఆంటీ" అన్నాను.

"నేను చర్చిలో ఉన్నప్పుడు ఏస్తే ఆ కుర్చీలో ఎవరు కూచుంటారే అమ్మాయ్?" అంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ నెల రోజులు అడుగుతూనే ఉంది, చివరికి మీటింగు సాయంత్రానికి మారింది. ఆ మీటింగులో ఆంటీ లేచి, "భజనలూ జరగాలి, మా పాటలూ జరగాలి. తొమ్మిదింటికల్లా ఎవరి మైకైనా కట్టెయ్యాలి" అంది. పరీక్షల పిల్లలున్న తల్లులంతా చేతులెత్తారు. హాలు దక్కింది. మరుసటేడు ఆవిడ ఓట్లతోనే కమిటీలోకి వచ్చింది.

అప్పుడెవరో, సెలవొచ్చింది కదా, ఈసారి శుక్రవారం మధ్యాహ్నం కలుద్దామన్నారు. ఆంటీకి ఏ ఇబ్బందీ లేదు. అయినా, "ఆ వేళ సలీం గారు నమాజుకు వెళ్తారు. ఆయన్ని అడిగారా?" అంది. మూడో అంతస్తులో సలీం గారు ఉన్నారన్న సంగతే అక్కడెవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఆంటీ పోయింది. ఆ ఫ్లాటులో ఇప్పుడు వేరేవాళ్లున్నారు, నేను ఇదే బ్లాకులో ఇంకోటి కొనుక్కున్నాను. నాకు సివిల్స్ రాలేదు, దక్కిన పదవల్లా ఈ సొసైటీ సెక్రటరీగిరీ. మీటింగు పెట్టే ముందు వాట్సాప్ గ్రూపులో నేను అడిగేది ఒకటే, ఆ వేళకు ఎవరు రాలేరు అని. ఇదేం చాదస్తమని కొందరు విసుక్కుంటారు. మొన్న కొత్తగా దిగిన సర్దార్జీ, "ఆ రోజు మాకు గురుపురబ్ పండగ, దీదీ. ఇంతకుముందున్న చోట ఎవరూ అడగలేదు" అని రాశాడు.

తేదీ మార్చేశాను. ఆంటీ ఉంటే కళ్లజోడు పైనుంచి చూసి "ఠీక్ హై" అనేది. అంతకు మించిన మెచ్చుకోలు ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. ఆ మాట కోసం నాకిప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.