మోటారు లేని కూలర్

ఆవిడకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుండేది. దాన్ని ఎవరూ వాడరు. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో పదేళ్లు తీగ చుట్టి, అది మూతపడ్డాక ఎండతో తిరిగే కూలర్లు బిగించడం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ ఊరందరికీ కూలరక్కే. రేకుల మీద సోలార్ ప్యానెల్, కింద గదిలో నీళ్ల కూలర్, మధ్యలో బ్యాటరీ కూడా లేదు. ఎండ ఎంత మండితే రెక్కలు అంత జోరుగా తిరుగుతాయి. "మనల్ని కాల్చేవాడి చేతే విసనకర్ర పట్టిస్తున్నా" అని నవ్వేది.

ఆ నవ్వు ఉన్న రోజుల్లోనే, మూడో అంతస్తు రేకుల గదిలో ఒంటరిగా ఉండే ముసలాయనకి ఒకటి బిగించింది. ఆయన రిటైరైన బస్సు కండక్టర్. మెట్లెక్కి ఎవరొచ్చినా, "రండి రండి, సీటు ఖాళీయే" అని ఉన్న ఒక్క కుర్చీ వాళ్లకిచ్చి తను మంచం మీద కూర్చునేవాడు. మధ్యాహ్నం పూట కరెంటు పోతే వీధంతా ఉసూరుమంటుంటే, ఆయన గదిలో మాత్రం చల్లగాలి ఆడేది.

నడివేసవిలో ఒకరోజు ఆయన ఫోన్ చేశాడు. "అమ్మాయ్, నీ కూలర్ పళ్లు నూరుతోందే!"

ఆవిడ వచ్చి చూసింది. బేరింగ్ అరిగిపోయింది. మోటారు విప్పి సంచిలో వేసుకుంది.

"ఎప్పుడు తెస్తావు?"

"రేపు పొద్దున్నే బాబాయ్. మీరు కాఫీ తాగేలోపు బిగించేస్తా."

బేరింగ్ మార్చడం పది నిమిషాల పని. ఆ సాయంత్రమే అయిపోయింది. తెల్లారి బయల్దేరబోతుంటే ఒక పెద్ద ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఏసీలన్నీ ఆగిపోయాయని. ముందు అది చూసి వెళ్దాంలే అనుకుంది. రెండు దాటాక నిచ్చెన మీద ఉండగా జేబులో ఫోన్ మోగింది. తీసి చూసింది. ఆయన నంబరే. ఒక చేతిలో స్క్రూడ్రైవర్, నోట్లో మరలు. ఎలాగూ వెళ్తాగా అనుకుని మళ్లీ జేబులో పెట్టేసింది. పని తెమిలేసరికి చీకటి పడింది. ముసలాయన పడుకుని ఉంటాడు, ఇప్పుడు లేపడమెందుకని ఇంటికి పోయింది.

మర్నాడు వెళ్లేసరికి తలుపు లోపల గడియ. కింది వాటాలో బట్టలు కుట్టే పిన్ని వచ్చి, ఇద్దరూ కలిసి భుజాలతో తోశారు. కూలర్ ఖాళీ డబ్బా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడాయన. నెత్తి మీద తువ్వాలు ఎండి అట్టకట్టింది. వడదెబ్బన్నాడు డాక్టరు, నిన్న మధ్యాహ్నమే పోయి ఉంటాడన్నాడు. మోటారు అప్పటికీ ఆవిడ సంచిలోనే ఉంది.

ఎవరూ ఆవిడని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకి.

నెల తిరక్కుండా పిన్ని బజార్లో ఎదురుపడి గొంతు తగ్గించింది. "పై గదికి తాళం వేసుంది కదా. మధ్యాహ్నమైతే కూలర్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోందమ్మా. నా చెవులేమైనా చెడ్డాయా?"

 కూలరక్కకి ఆ చప్పుడు తన ఇంట్లోనే వినిపిస్తోంది, సరిగ్గా రెండు దాటాక.

మరుసటి మధ్యాహ్నం ఇంటి ఓనరుని తాళంచెవి అడిగి పైకెళ్లింది. గదిలో ఏ చప్పుడూ లేదు. డబ్బాలోంచి రెండు తీగలు వేలాడుతున్నాయి. కుర్చీ అక్కడే ఉంది. కూర్చుంది. ఆయన ఎంతసేపు ఓర్చుకున్నాడో చూద్దామనుకుంది. రేకులు టిక్కు టిక్కుమంటున్నాయి. ముందు చెమట ధారగా కారింది, తర్వాత కారడం మానేసింది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. లేవాలనిపించలేదు. ఎవరో పక్కనే "సీటు ఖాళీయే" అన్నట్టయింది, ఎంతో మర్యాదగా.

పిన్ని వచ్చి జబ్బ పట్టుకుని మెట్ల మీదికి లాక్కొచ్చింది. బిందెడు నీళ్లు కుమ్మరించింది. "పిచ్చిదానా! నువ్వు కూడా పోతే ఆయన లేచొస్తాడా? ఊళ్లో ఉన్న కూలర్లన్నీ ఎవరు చూస్తారే?" అని తిడుతూ తనూ ఏడ్చింది.

మరో ఎండాకాలం మొదలవుతుండగా ఆ గదిలోకి పచ్చి బాలింత దిగింది. ఇంటి ఓనరు మోటారు బిగించమన్నాడు. కూలరక్క వారం రోజులు వంకలు చెప్పి, చివరికి వెళ్లింది. అదే మోటారు. తీగలు కలపగానే రెక్కలు సర్రున తిరిగాయి. బాలింత ముఖం విప్పారింది. ఆవిడ మాత్రం కుర్చీ ఉండే చోటు నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"ఏంటక్కా, అలా చూస్తున్నావు?"

దాచలేదు. ఫోన్ మోగిన సంగతితో సహా అంతా చెప్పేసింది.  బాలింత లేచి, కుర్చీ ఉండే చోట వేసిన ఉయ్యాలని గోడవారకి జరుపుకుంది. ఆ చోటు ఖాళీగా వదిలేసింది. "పెద్దాయన చోటు. ఉండనీ" అంది.

ఇప్పుడు కూలరక్క సంచిలో ఎప్పుడూ ఇంకో మోటారు ఉంటుంది. ఒకటి విప్పితే రెండోది బిగించాకే గడప దాటుతుంది. నిచ్చెన మీదున్నా ఫోన్ తీస్తుంది. అలా తీయబోయి ఒకసారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది కూడా. చెవుల్లో ఆ కూలర్ చప్పుడు మాత్రం పోలేదు. అది మొదలైన రోజు ఇంట్లో కాలు నిలవదు. నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని, ఒంటరివాళ్లున్న ఇళ్లన్నీ తిరుగుతుంది. పిలవని పేరంటమని జనం విసుక్కుంటారు.

మొన్న చివరి వీధిలో ఒక ముసలమ్మ తలుపు కొట్టింది. పలుకు లేదు. మళ్లీ కొట్టింది. లోపల కూలర్ తిరుగుతున్న శబ్దం వస్తోంది; అది లోపలిదో, తన చెవుల్లోదో తేల్చుకోలేకపోయింది. రెండు చేతులతో బాదింది. చివరికి గడియ కదిలింది.

"కునుకు పట్టిందే తల్లీ! తలుపు విరగ్గొడతావా ఏంటి?"

కూలరక్క గుమ్మం మెట్టు మీదే కూలబడింది.