కేఫటీరియా కుర్చీలోంచి మంచు వాలు మీదికి

ఎనభైల మధ్యలో మేము ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. ఆఫీసు స్నేహితుల పుణ్యమా అని మావారు మురళికి కాళ్లకి పలకలు కట్టుకుని మంచు మీద జారే స్కీయింగ్ పిచ్చి పట్టుకుంది. ఆ జనవరిలో నన్నూ తీసుకెళ్లి, ఏమీ నేర్పకుండా, తీగకి వేలాడే లిఫ్ట్ కుర్చీలో నేరుగా కొండ సగం దాకా ఎక్కించారు. "ఏం లేదు వసూ, జారడమే" అన్నారు. జారాను. మోకాలు మెలిపడింది. రక్షణ సిబ్బంది నన్ను పడవలాంటి బండిలో పడుకోబెట్టి, బెల్టులు బిగించి, అందరూ చూస్తుండగా కిందికి దించారు. మోకాలి నొప్పి పది రోజుల్లో పోయింది, సిగ్గు మాత్రం పోలేదు. ఆ తర్వాత రెండు శనివారాలు ఆయనతో వెళ్లి, కొండ కింద కేఫటీరియాలో నవల చదువుతూ కూర్చున్నాను. తిరుగు దారిలో ఆయన ఉత్సాహంగా ఏవేవో చెప్పేవారు, నేను ఊఁ కొట్టేదాన్ని. పోను పోను ఆయన చెప్పడమూ తగ్గించేశారు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. అందుకే మూడో శనివారం కూడా వెళ్లాను.

ఉదయం ఐదింటికి బయల్దేరాం. 680 హైవే మీద ఉత్తరంగా వెళ్లి, 80 అందుకుని, శాక్రమెంటో దాటి, ఆబర్న్‌లో పెట్రోలు పోయించుకుని కారులోనే పులిహోర తిన్నాం. అక్కడ వాన. ఇంకా పైకి వెళ్లేసరికి అదే మంచయింది. మంచులో జారకుండా చక్రాలకి చైన్లు లేనిదే ముందుకు పోనివ్వమన్నారు రోడ్డు సిబ్బంది. పసుపు కోటు వేసుకున్న ఒకాయన మంచులో వెల్లకిలా పడుకుని, పది డాలర్లకి మా చక్రాలకి చైన్లు బిగించి, "ముప్పై మైళ్ల స్పీడ్ దాటకండి, తెగిపోతాయి" అని హెచ్చరించాడు. నాలుగు గంటల దారికి ఐదు గంటలు పట్టింది.

మురళి స్కీ పలకలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. నేను పుస్తకం తెరిచానో లేదో, ఎర్ర చలికోటు వేసుకున్న ఒక నెరిసిన జుట్టావిడ ఎదురుగా వచ్చి కూర్చుంది. పేరు హెలెన్, అక్కడి స్కీ స్కూల్లో టీచరు.

"పోయిన వారం కూడా మీరు ఇదే కుర్చీలో ఉన్నారు. స్కీయింగ్ చేయరా?" అని అడిగింది.

బండిలో దిగిన సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "మిమ్మల్ని మీది కాని కొండ ఎక్కించారు. మీ తప్పేం లేదు. ఇక్కడికి మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ కనిపించరు. ఎందుకని మా మేనేజర్‌ని అడిగితే, వాళ్లకి ఇష్టం లేదేమో అంటాడు. నేను ఒప్పుకోను. నాకొక గంట ఇవ్వండి" అంది.

కొత్తవాళ్లకి స్కీలు, బూట్లు, పాఠం, చిన్న వాలు టికెట్ అన్నీ కలిపి ఇరవై డాలర్ల పైచిలుకు. బూట్లిచ్చే చోట హెలెన్ నా కాళ్లు చూసి, నేను వేసుకున్న రెండు జతల ఉన్ని మేజోళ్లలో ఒకటి విప్పించింది. ఒక సైజు తగ్గించి ఇప్పించింది. అప్పుడు గానీ పాదం నా మాట వినలేదు.

నన్నూ, ఇంకో ముగ్గురు కొత్తవాళ్లనీ పిల్లలు ఆడుకునేంత చిన్న వాలు మీదికి నడిపించుకెళ్లి, "ముందు పడదాం" అంది. పక్కకి ఒరిగి మెత్తగా పడటం, స్కీలని వాలుకి అడ్డంగా పెట్టి లేవడం. అరగంట సేపు అదే పని. ఏడోసారి పడ్డప్పుడు నాకే నవ్వొచ్చింది. ఆ తర్వాత స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనక కొసలు విడదీసి ఆగడం నేర్పింది. మధ్యాహ్నానికల్లా నా అంతట నేను ఆగగలిగాను.

రెండింటికి, "ఇప్పుడు కుర్చీ ఎక్కుదాం. అన్నిటికన్నా పొట్టి లిఫ్ట్" అంది హెలెన్. ఎక్కాను. పైన దిగగానే పడ్డాను, లేచాను కూడా. పక్కనే ఒక భారీ మనిషి స్కీలు విప్పేసి మంచులో చతికిలబడి ఉన్నాడు. స్టాక్టన్‌లో ట్రక్కు నడుపుతాడట, పేరు రాయ్. భార్యాపిల్లలు ముందే దిగిపోయారు. "నడిచి పోతాను. ఇంకెప్పుడూ రాను" అన్నాడు.

హెలెన్ వెనక ఆ ముగ్గురు విద్యార్థులు లిఫ్ట్ దిగుతున్నారు. ఆవిడ నావైపు తిరిగి, "ఈయనకి లేవడం మీరు చూపించండి" అనేసి వాళ్ల దగ్గరికి వెళ్లింది.

నేనా! అయినా ఆయన పక్కన కావాలనే పడి, లేచి చూపించాను. ఆయన స్కీలు మళ్లీ తొడుక్కుని, రెండుసార్లు జారి, మూడోసారి లేచి నిలబడ్డాడు. ఇద్దరం వాలుకి అడ్డంగా, నత్తల్లా, మధ్యమధ్య ఆగుతూ దిగాం. ఇరవై నిమిషాలు పట్టింది. కింద ఆయన పిల్లలు కేకలు పెట్టారు. రాయ్ నా చెయ్యి గట్టిగా ఊపుతూ, "మీరు ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు?" అని అడిగాడు.

"ఇవాళ పొద్దుటి నుంచి" అన్నాను.

నా కోసం కేఫటీరియా అంతా వెతికిన మురళి అక్కడే నిలబడి ఉన్నారు. నెమ్మదిగా, "ఆ రోజు నిన్ను పైకి తీసుకెళ్లడం నాదే తప్పు వసూ" అన్నారు.

"అవును, మీదే" అన్నాను. "వచ్చే శనివారం మాత్రం మీరూ హెలెన్ దగ్గరికి రండి. మీరు ఆగే పద్ధతేం బాగాలేదు."

ఆ చలికాలం ఒక్క శనివారం కూడా మానలేదు. మరుసటి ఏడు హెలెన్ నాకూ తనలాంటి ఎర్ర చలికోటు ఇప్పించి, కేఫటీరియా బల్లల దగ్గర ఒంటరిగా కూర్చున్నవాళ్లని పలకరించే పని అప్పగించింది. అలా పలకరించినవాళ్లలో కొందరు మర్యాదగా వద్దనేవారు. చాలామంది మాత్రం ఎవరో ఒకరు అడిగితే బాగుండునని చూస్తున్నట్టే లేచి వచ్చేవారు. వాళ్లని చూస్తే నాకు అర్థమైంది: భయపడ్డవాళ్లకి ధైర్యం చెప్పడం కంటే, వాళ్లకి సరిపోయే వాలు చూపించి పక్కన నిలబడటం ముఖ్యం.

మీరు మొదటిసారి వెళ్తుంటే ఒక్క మాట. మొదటి పాఠం కాగానే, బూట్లు విప్పకముందే, రెండో పాఠానికి పేరు రాయించుకోండి. ఇంటికెళ్లి ఆలోచిద్దామనుకుంటే ఒళ్లు నొప్పులే నిర్ణయం తీసుకుంటాయి.